నూటొక్క లింగాల పాట

20 సెప్టెంబరు 1993, సోమవారం

పొద్దున లేచి వరసగా అందరినీ అడిగాను. మా ఆయన్ని గొంతు ఎట్లా ఉందని అడిగితే చెయ్యి ఊపాడు. బాగుందని ఊపాడో, అడగొద్దని ఊపాడో. మా ఉమాపతిని మోచేతి నొప్పి అడిగాను. నాచారం ఫ్యాక్టరీలో లేత్ మిషను మీద నిలబడేవాడు, మోచెయ్యి పట్టేస్తే ఏం చేస్తాడు? వాడికి ఆ ఫికరే లేదు. కోడలు తారామణికి ఏడో నెల. పాదాలు వాచాయేమోనని వేలితో నొక్కి చూశాను. గుంట పడలేదు. రేపు పడొచ్చు. గోడ అవతలి మూర్తిగారిని షుగరు సంగతి అడిగాను. "బానే ఉందమ్మా. మీరు రోజూ పలకరిస్తుంటే దానికే మొహమాటమేసి తగ్గిపోతోంది" అన్నారు. సత్యనారాయణమూర్తిగారిది కాకినాడ వైపు. హబ్సిగూడ పరిశోధన సంస్థ ఆఫీసులో చేసి రిటైరయ్యారు. ఆయన మాట ఎప్పుడూ అంత మెత్తగానే ఉంటుంది.

నన్ను ఎవరూ అడగలేదు. నా గుండెదడ నాతోనే ఉంది.

"దవాఖానల డాక్టరు గూడ గిన్నిసార్లు అడుగడు" అన్నాడు మా ఆయన. "మా రోగాలన్నీ గా పుస్తకంల ఎక్కిస్తున్నవా ఏంది?"

ఎక్కిస్తున్నాను. రాస్తే భయం కొంచెం తగ్గుతుంది.

సాయంత్రం సందు చివర వినాయకుడి మండపం మైకులో ఆయన పాట వచ్చింది. ముందు పోల్చుకోలేదు. మిషను డప్పులు, పరుగెత్తే వరస, ఎవరో ఆడపిల్ల గొంతు. బియ్యం ఏరుతున్న నా చేతులు ఆగాయి.

నూటొక్క లింగాలు నీ గుట్ట నిండ
వానల కొన్ని సామి, కొన్నిటికి ఎండ

కీసర గుట్ట పాట. గుట్ట మీద ఎక్కడ చూసినా లింగాలే కదా, రాళ్ళ నడుమ, పొదల కింద. పాట కట్టింది ఆయన. మా భజన మండలి ఎన్నో ఏళ్ళుగా సోమవారం సోమవారం పాడుతోంది. ఆయన లేచి గుమ్మంలో నిలబడ్డాడు. ముఖం వెలిగింది.

మూడో పాదం వచ్చే ముందే నేను కిటికీ వేసేశాను. మైకు గోలకు తలనొప్పి వస్తుంది నాకు.

21 సెప్టెంబరు

ఉమాపతి మండపం పిల్లల దగ్గర నుంచి ఆ క్యాసెట్టు పట్టుకొచ్చాడు. డబ్బా మీద గుట్ట బొమ్మ. రచన: కీర్తిశేషులు నర్సింహదాసు. సేకరణ, సంగీతం: బుచ్చిబాబు. ఆయన పేరు, రాజయ్య అని, ఎక్కడా లేదు.

"సూసినవా నాయినా, నీ పేరేది?"

"గురువు పేరేసిన్రు గదరా. గంతకన్న ఏం గావాలె?"

నర్సింహదాసు ఆయన గురువు. కీసరలో ఉండేవాడు, పోయి ఇరవై ఏళ్ళు దాటింది. మా భజనల్లో పద్ధతి ఒకటుంది. మంత్రం తీసుకున్న శిష్యుడు పాట కడితే చివరి చరణంలో తన పేరు పెట్టుకోడు, గురువు పేరు పెడతాడు. ఈ పాట కూడా 'నర్సింహదాసు పలికె, నమ్మె నీ అండ' అని ముగుస్తుంది. ఆయన కట్టినవన్నీ అట్లాగే ముగుస్తాయి. ఎవరు కట్టారో మండలిలో అందరికీ తెలుసు. తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే పోతున్నారు, అది వేరే సంగతి.

ఉమాపతి క్యాసెట్టు వేశాడు. ఈసారి మూడో పాదం వినక తప్పలేదు. మండలిలో పాడేది ఇట్లా:

ఒక్కతే నా బిడ్డ ఒడిలోన ఉండ
నీకేలనయ్య సామి, నిండె నీ కొండ

క్యాసెట్టులో 'ఒక్కడే నా కొడుకు' అని పాడారు.

ఆయన ముఖం దిగిపోయింది. పాటే కదా. ఒక మాట పోతే పాటకు ఏమవుతుంది?

కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. తారామణి చెప్పేదాకా తెలియలేదు.

23 సెప్టెంబరు, గురువారం

ఉప్పల్లో బుచ్చిబాబు దుకాణానికి పోయాం. నన్ను రావద్దన్నారు. తండ్రీ కొడుకులు పోయి కొట్లాట పెట్టుకుంటే ఎట్లా? ఇంట్లో కూర్చుంటే నా ప్రాణం నిలవదని నేనూ ఆటో ఎక్కాను.

కింద క్యాసెట్ల దుకాణం, పైన పాటలు ఎక్కించే గది. గోడలకు గోనెసంచులు, కోడిగుడ్ల అట్టలు కొట్టి ఉన్నాయి. మాట్లాడితే మన మాట మనకే దూరంగా వినపడుతుంది. బుచ్చిబాబు మర్యాదస్తుడే. కుర్చీలు వేయించాడు, చాయ్ తెప్పించాడు. దాంతో నాకు ఇంకా భయం వేసింది.

"పెద్దాయనా, నేను దొంగతనం చెయ్యలేదండీ. నర్సింహదాసుగారి మనవడు దామోదర్ ఉన్నాడు కదా, కీసరలో పిండిమర నడుపుతాడు, అతను హక్కులు రాసిచ్చాడు. కాగితం ఉంది, చూస్తారా?"

"వాడు రాసిస్తే మాత్రం?" ఉమాపతి లేచాడు. "పాట కట్టింది మా నాయిన."

"పాటలో పేరు ఎవరిది బాబూ?"

"గది పద్ధతి! శిష్యుడు గురువు పేరు పెడ్తడు. నీకు తెల్వదు."

"నాకు తెలీదు, నిజమే. మరి వినేవాడికి తెలుస్తుందా? మీ నాన్నగారు ఇక్కడే ఉన్నారుగా. ఆయన్నే చెప్పమనండి, ఇది నర్సింహదాసు పాట కాదు, నాది అని. ఇప్పుడే పేరు మార్పిస్తాను."

అందరం ఆయన వైపు చూశాం. ఆయన చాయ్ గ్లాసు వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు, బొంగురు పోలేదు.

"గురువు పాటే" అన్నాడు.

ఉమాపతి చెప్పులేసుకుని మెట్లు దిగిపోయాడు. మాకోసం ఆగలేదు. నేను కొంగు సర్దుకుంటూ లేచి, లేచినదాన్ని ఊరుకోకుండా అడిగాను.

"బిడ్డ అని ఉన్నదాన్ని కొడుకు అని ఎందుకు చేసినవ్ బాబు?"

"వ్యాపారం అమ్మా. కొడుకంటే తల్లులు కళ్ళనీళ్ళు పెట్టుకుని కొంటారు. ఆడపిల్ల కోసం దేవుణ్ణి అంతలా అడిగేవాళ్ళు ఎవరుంటారు చెప్పండి?"

నోటిదాకా వచ్చింది. మింగేశాను.

24 సెప్టెంబరు

ఉమాపతి తండ్రితో మాట్లాడటం లేదు. ఆయన గొంతు బొంగురు అలాగే ఉంది. వానలు తగ్గితే తగ్గుతుంది.

26 సెప్టెంబరు, ఆదివారం

మూర్తిగారు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. ఉమాపతి ఆయనకు అంతా చెప్పినట్టున్నాడు. ఆయన చేసిన ఆఫీసులో ఇటువంటి కాగితాలు చూసేవారట, ఎవరు కనిపెట్టింది ఎవరిది అని. ఆయన చెప్పింది నాకు అర్థమైనంత రాసుకుంటున్నాను.

పాట కట్టి కాగితం మీద పెట్టిననాడే హక్కు పుడుతుందట. ఎవరూ ఇవ్వక్కర్లేదు. ఢిల్లీలో రిజిస్టరు చేయించుకోవచ్చు, చేయించకపోయినా హక్కు పోదు, కానీ తగువు వచ్చిననాడు చూపడానికి అదొక సాక్ష్యం. కట్టినవాడు బతికినంత కాలం, పోయాక ఇంకా అరవై ఏళ్ళు అది వాళ్ళదే. నర్సింహదాసు కట్టాడంటే ఇంకా దగ్గర దగ్గర నలభై ఏళ్ళు దామోదర్‌దే.

"ఇంకో సంగతి ఉందమ్మా. హక్కులన్నీ అమ్ముకున్నా సరే, తన పాటను ఎవడన్నా చెడగొడితే కట్టినవాడు అడ్డం తిరగొచ్చు. 'నా మాట నాకు తిరిగి పెట్టు' అని అడగొచ్చు. బిడ్డని మళ్ళీ బిడ్డగా పాడించొచ్చు. కానీ అది అడగాల్సింది కట్టినవాడే. దామోదర్‌కి ఆ పట్టింపు లేదు, బుచ్చిబాబుకి అసలే లేదు."

"ఇన్నవా నాయినా?" అన్నాడు ఉమాపతి. మూడు రోజుల తర్వాత వాడి నోటి నుంచి నాయినా అన్న మాట. "నువ్వు ఒక్క మాటంటే సచ్చిపోయిన అక్క పాటల అక్క ఉంటది. నువ్వు అనకపోతే పోతది."

ఆయన వాడి వైపు తిరిగాడు. మాట్లాడుతుంటే గొంతు గీసుకుపోతోంది.

"నేను దొర దగ్గర పసులు కాసేటోన్ని. నాకు అ అంటే ఏందో తెల్వది. రోజు పసులను తోలినంక నర్సింహదాసు ఇసుకల నా యేలు వట్టి రాయించిండు. దొర తిడితె గూడ ఆయన ఇనలే. గా యేలు తోని నేను పాట కట్టిన. ఇప్పుడు గురువు పాట గాదు అని సంతకం పెట్టుమంటున్నవ్. నీ నాయిన పేరు తీసెయ్ అంటె నువ్వు తీస్తవా?"

ఉమాపతి అరుగు దిగి బయటికి పోయాడు.

ఆ వేలితోనే ఆయన నాకు కూడా అక్షరాలు నేర్పాడు. పెళ్ళయ్యాక, చాలా తర్వాత. ఈ పుస్తకంలో నేను రాసేవి ఆ అక్షరాలే. ఆయన్ని ఏమనగలను?

అనను. కానీ కిటికీ ఎన్నిసార్లు వెయ్యాలి?

30 సెప్టెంబరు

తెల్లవారుజామున గిన్నెలు కదిలాయి. పిల్లి అనుకున్నాను. భూకంపమట. మహారాష్ట్రలో ఊళ్ళకు ఊళ్ళు పోయాయని రేడియోలో చెప్పారు. తారామణిని గోడకు ఆనుకుని పడుకోవద్దన్నాను.

5 అక్టోబరు

పోస్టుమ్యాన్ రిజిస్టరు కవరు తెచ్చాడు. పంపినవారు రాజయ్య, అందుకోవలసినవారు రాజయ్య.

"ఏందమ్మా, పెద్దాయన తనకు తనే ఉత్తరాలు రాసుకుంటున్నడా? ఇంట్ల మాట్లాడెటోళ్ళు లేరా?"

భయపడుతూ సంతకం పెట్టాను. ఉమాపతి పని ఇది. పాట కాగితం మీద రాసి, కవరుకు లక్క వేసి, తండ్రి పేరు మీద తండ్రికే పంపాడు. కవరు విప్పకూడదట, పోస్టాఫీసు ముద్ర తారీఖే సాక్ష్యమట. ఫ్యాక్టరీలో ఎవరో చెప్పారు.

మూర్తిగారు కవరు అటూ ఇటూ తిప్పి, "బాబూ, ఇది ఏం చెబుతుందో తెలుసా? ఈ పాట అక్టోబరు నెలలో ఒక కాగితం మీద ఉందని చెబుతుంది. క్యాసెట్టు వచ్చింది అంతకుముందు. బుచ్చిబాబు చూస్తే నవ్వుతాడు. ఇది ఊరూరా ఉన్న నమ్మకమే కానీ చట్టం కాదు" అన్నారు.

ఉమాపతి ముఖం చూడలేకపోయాను. కవరును దేవుడి పటం వెనక పెట్టాను. పారేయడానికి చెయ్యి రాలేదు.

11 అక్టోబరు

ఆయన్ని దవాఖానకు తీసుకుపోయాం. గొంతులోకి గొట్టం పెట్టి చూశారు. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. మాటలు తగ్గించమన్నారు. నూలు మిల్లులో పనిచేసినన్నాళ్ళూ దూదిపొట్టు పీల్చిన గొంతు కదా, అదే అయి ఉంటుంది. తగ్గుతుంది.

13 అక్టోబరు

కషాయం కాచి ఇచ్చాను. తగ్గుతుంది.

18 అక్టోబరు, సోమవారం

బతుకమ్మలు మొదలయ్యాయి. సందులో ఆడపిల్లలు చప్పట్లు కొడుతూ తిరుగుతున్నారు. ఈ ఏడు ఎవరో టేపురికార్డరు తెచ్చి నడుమ పెట్టారు. అందులోనూ అదే పాట. బతుకమ్మ చుట్టూ తిరిగే ఆడపిల్లలందరూ 'ఒక్కడే నా కొడుకు' అని వంగి లేస్తున్నారు.

తారామణి ఆ పెద్ద పొట్టతో వాళ్ళలో కలిసింది. మూడో పాదం దగ్గర తను ఒక్కతే గట్టిగా 'ఒక్కతే నా బిడ్డ' అంది. పక్కింటి వెంకటనర్సమ్మ ఆగి, "ఏమ్మా, కడుపుల బిడ్డనే అడుగుతున్నవా? కొడుకును అడుగు, పాట గూడ అదే చెప్తున్నది" అంది. అందరూ నవ్వారు.

"పాట అట్ల చెప్పది పెద్దమ్మా. చెప్పిచ్చిన్రు" అంది తారామణి. ఇంట్లోకి వచ్చి నా దగ్గర కూర్చుంది. "అత్తమ్మా, ఆమె ఎట్లుండేది?"

ఈ ఇంట్లో ఆ మాట ఎవరూ అడగరు. ఉమాపతి కూడా అడగడు, వాడు పుట్టింది తర్వాత. తారామణికి ఏం చెప్పానో ఇక్కడ రాయను అనుకున్నాను. రాస్తాను.

దాని పేరు ఉప్పలమ్మ. ఉప్పలి అనేవాళ్ళం. మూడేళ్ళు నిండలేదు. ముక్కు ఎప్పుడూ కారేది, ఎవరు ఎత్తుకున్నా వాళ్ళ భుజానికి తుడిచేది. ఆయన పాడుతుంటే డోలక్ మీద ఎక్కి కూర్చునేది. అప్పుడు కీసర పక్క పల్లెలో ఉండేవాళ్ళం. జ్వరం పట్టుకుంది, వదల్లేదు. పసరు పోశారు, తాయెత్తు కట్టారు. చివరికి నేను ఒడిలో వేసుకుని గుట్ట ఎక్కాను, ఆయన వెనక వచ్చాడు. మెట్ల మీద కూర్చుని దేవుణ్ణి ఏదో తిట్టాను. ఏమన్నానో గుర్తు లేదు.

దిగేటప్పుడు అది లేదు.

మళ్ళీ నేను గుట్ట ఎక్కలేదు. చాలా ఏళ్ళకు ఆయన ఈ పాట కట్టాడు. మండలిలో పాడినప్పుడు నేను వంటింట్లో ఉంటాను.

తారామణి నా చెయ్యి తన పొట్ట మీద పెట్టుకుంది. లోపల తన్నింది. బలంగానే ఉంది. అయినా పాదాలు చూశాను.

22 అక్టోబరు

పరీక్ష కాగితం వచ్చింది. ఇంగ్లీషులో ఉంది. మూర్తిగారికి ఇస్తే చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ చదివారు.

23 అక్టోబరు

వచ్చే నెల పద్దెనిమిదిన ఆపరేషను. గొంతు పెట్టె తీసేస్తారు. ప్రాణానికి మంచిదే అంటున్నారు. మాట ఉండదు.

మాట ఉండదంటే ఎంత ఉండదు అని డాక్టరును అడగాలనుకున్నాను. అడగలేదు.

28 అక్టోబరు, గురువారం

ఈ రోజు జరిగింది మొత్తం రాయాలి.

మూర్తిగారు ఢిల్లీకి పంపే కాగితం నింపి తెచ్చారు. కట్టినవారి పేరు అన్నచోట ఖాళీ పెట్టారు. "ఈ పాట మీద ఇంకెవరైనా హక్కు చెప్పేవాళ్ళుంటే వాళ్ళకు మనమే తెలియజేయాలి, అది నియమం. కాబట్టి దామోదర్‌కి, బుచ్చిబాబుకి రిజిస్టరు పోస్టులో నోటీసులు వెళ్ళాలి" అన్నారు.

ఉమాపతి తండ్రి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ అరిచినవాడు ఇప్పుడు అరవలేదు.

"నాయినా, నీ గొంతు పోతదట. పోయినంక నిన్ను ఎవరు అడిగినా నువ్వు చెప్పలేవు. ఇప్పుడన్న చెప్పు. గురువును ఏం అనుమనలే. పాట నాది అను, సాలు."

ఆయన గొంతులోంచి ఇప్పుడు గాలే ఎక్కువ వస్తోంది. ఉమాపతి ఆయన నోటి దగ్గర చెవి పెట్టాడు. ఆయన ఒక్కో ముక్క చెబుతుంటే వాడు అందరికీ వినపడేటట్టు పైకి అన్నాడు.

"నేను అబద్ధం చెప్ప. గురువు పేరు పెట్టిన పాటలు గురువుయే. ఉండనియ్యి. దామోదర్ అమ్ముకుంటె అమ్ముకోని."

ఉమాపతి తల దించుకున్నాడు. ఆయన వాడి భుజం పట్టి మళ్ళీ దగ్గరికి లాక్కున్నాడు.

"గాని ఆ ఒక్క పాట గురువుది గాదు."

వాడు తలెత్తాడు. "మరి నీదేనా నాయినా?"

ఆయన అడ్డంగా తల ఊపాడు. నా వైపు వేలు చూపించాడు.

"మీ అవ్వది" అన్నాడు ఉమాపతి. ఆయన చెప్పింది అప్పజెప్పడమే కానీ, అవ్వ అంటే తన తల్లి, నేనేనని వాడికి ఒక్క క్షణం తట్టనట్టుంది. నోరు తెరిచి నన్ను చూశాడు.

"గుట్ట మెట్ల మీద ఉప్పలిని ఒళ్ళ ఏసుకోని అన్నది. 'నీకు నూటొక్కటి ఉన్నయ్. కొన్ని ఎండల పడేసినవ్, కొన్ని వానల పడేసినవ్. నాకు ఒక్కతే బిడ్డ. నీ గుట్ట నిండిపాయె గదనయ్యా, ఇది నీకెందుకు?' నేను ఎన్కల నిలబడి ఇన్న. మస్తు ఏండ్లు ఆ మాట నా చెవులనే ఉండె. దరువు నేను కట్టిన. ఆఖరి చరణం, గురువు పేరు, నేను అతికిచ్చిన. మాట ఆమెది."

ఉమాపతి గొంతు కూడా చివరికి వచ్చేసరికి తండ్రి గొంతులాగే అయింది.

నేను వంటింట్లోకి పోయాను. పొయ్యి మీద ఏమీ లేదు. అయినా స్టవ్వు దగ్గర నిలబడ్డాను.

అట్లా అన్నానా నేను? అన్నాను. గుర్తు లేదని రాశాను మొన్న. గుర్తుంది. ప్రతి మాటా గుర్తుంది. కిటికీ వేసుకునేది అందుకే.

అవతల మూర్తిగారు నెమ్మదిగా చెబుతున్నారు. "మాటలు ఆవిడవి, వరస ఈయనది. చట్టం అడిగేదీ అదే, ఎవరి మాట, ఎవరి వరస అని. ఇద్దరి పేర్లూ రాద్దాం. ఆ మూడో పాదం గురించి అడిగే హక్కు కౌసల్యమ్మగారికి ఉంది."

29 అక్టోబరు

నాకు వద్దు. పాట కట్టడమేంది, నేను? నలుగురిలో నిలబడి పేరు చెప్పమంటే కూడా కొంగు నోట్లో పెట్టుకునేదాన్ని. రేపు బుచ్చిబాబు కోర్టుకు పోతే? ఆ మాటలు నువ్వే అన్నావని రుజువేంది అని వకీలు అడిగితే? విన్నవాడికి గొంతు ఉండదు. దామోదర్ మా గురువు ఇంటి పరువు తీశారని కీసరంతా చెబుతాడు.

ఆయనతో అన్నాను, "నన్నెందుకు ఇందుల దింపినవ్? నీ పేరే రాసుకోరాదు?"

ఆయన దగ్గరికి రమ్మన్నాడు. చెవి పెట్టాను.

"నేను మంత్రం తీసుకున్న. నా నోట్లెకెళ్ళి వచ్చింది గురువుది. నువ్వు తీసుకోలే. నీ మాట మీద ఎవ్వరి పేరు పెట్టె పని లేదు."

"నాకు అక్షరాలు నువ్వే నేర్పినవ్ గద. నీకు ఆయన నేర్పిండు."

"అది తర్వాత" అన్నాడు. "గుట్ట మీద నీకు అక్షరాలు యాడియి?"

నిజమే. అప్పటికి నాకు ఒక్క అక్షరం రాదు.

3 నవంబరు

కాగితం మీద సంతకం పెట్టాను. రచన అన్నచోట నా పేరు, వరస అన్నచోట ఆయన పేరు. కౌసల్యమ్మలో ఔత్వం పై గడిలోకి పోయింది. ఫరవాలేదా అని మూర్తిగారిని మూడుసార్లు అడిగాను.

నోటీసులు పోస్టు చేస్తానని ఆయన లేస్తే మా ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. బుచ్చిబాబుకు పంపండి, గురువు ఇంటికి మాత్రం కాగితం ముందు పోవద్దు అన్నాడు. మనిషి పోవాలి. పోయి, గురువు పటానికి దండం పెట్టి, నోటితో చెప్పి, ఆ తర్వాత కాగితం చేతికివ్వాలి.

"నోటితో ఎవరు చెప్తరు నాయినా?" అన్నాడు ఉమాపతి.

ఆయన మళ్ళీ నా వైపే చూశాడు. చెప్పడం కాదట. పాడాలట. 'బిడ్డ' అని పాడాలట, గురువు పటం ముందు, చివరి చరణం వదిలేసి.

7 నవంబరు

స్నానాల గదిలో నీళ్ళు వదిలి, ఆ చప్పుడులో పాడి చూశాను. మొదటి పాదం వచ్చింది. రెండో పాదం వచ్చింది. ఒక్కతే దగ్గర ఆగిపోయాను. బకెట్టు నిండి పొర్లిపోయింది.

తలుపు అవతల నుంచి తారామణి, "అత్తమ్మా, నల్లా బంద్ చెయ్యి. నీళ్ళు లేకుండ పాడు, ఎవరు ఇనరు" అంది.

8 నవంబరు

ఒక్కతే.

9 నవంబరు

ఒక్కతే నా. అక్కడిదాకా.

10 నవంబరు, బుధవారం

బుచ్చిబాబు దుకాణం నుంచి మనిషి వచ్చాడు. నోటీసు అందిందట. కొత్త క్యాసెట్లు చేసేటప్పుడు మాట మార్చే సంగతి చూద్దాం అన్నాడట. దామోదర్ ఒప్పుకుంటే తనకు అభ్యంతరం లేదట. దామోదర్ ఒప్పుకుంటాడా? పిండిమర దగ్గర కబురు పెడితే రమ్మన్నాడట, ముఖం ఎట్లా పెట్టాడో కబురు తెచ్చినవాడు చెప్పలేదు. అన్నిటికీ నాకు భయమే. అదీ కాక, ఆపరేషను ముందు ఆయన్ని బస్సులో తిప్పవచ్చా? తారామణిని ఒంటరిగా వదలవచ్చా?

సాయంత్రం ఆయన పక్కన కూర్చున్నాను. దీపం పెట్టే వేళ. ఆయన మంచం పట్టె మీద వేళ్ళతో దరువు వేశాడు, మిషను డప్పు దరువు కాదు, మెల్లని పాత దరువు. ఏమీ అడగలేదు. నేను గోడ వైపు తిరిగి కూర్చుని మూడో పాదం పాడాను. గొంతు చెడ్డగా ఉంది. మధ్యలో తెగింది. కానీ బిడ్డ అని అన్నాను. ఆయన దరువు ఆపలేదు, తెగినచోట ఆగి నాకోసం చూశాడు.

ఉమాపతి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో.

"దామోదర్ ఇల్లు గుట్ట కిందనే అవ్వా. మెట్లెక్కే పని లేదు నీకు."

"ఎక్కుతా" అన్నాను. "ముందు గుట్ట. తర్వాత దామోదర్."

మూర్తిగారి భార్య ఆ పూట తారామణి దగ్గర ఉంటానంది. ఆయనకు మఫ్లరు, ఫ్లాస్కులో వేడినీళ్ళు. నోటీసు కాగితం. నా మోకాళ్ళ మందు.

ఈ నెల పదిహేను, కార్తీకంలో మొదటి సోమవారం, పొద్దున మొదటి బస్సుకు కీసర.